పోలిక వీధి

పాత టైర్ల యార్డు వెనక సందులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆరాలక్కే. ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరికి అన్నం సయించడం లేదో, ఎవరు మొగుడి మీద అలిగి పుట్టింటికి పోయారో ఆరా తీసేదాకా ఆవిడకి నిద్ర పట్టదని సందు మొత్తం నవ్వుకునేది. ఆవిడ భర్త నీళ్ళ పంపులు బాగుచేసే మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, "ఇవాళ ఎవరి కొంప వార్తలు?" అని ఆటపట్టించేవాడు. ఆవిడా నవ్వేసి చెప్పేది. చెల్లెలు బతికున్న రోజుల మాట ఇది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆటపట్టించలేదు.

అక్కాచెల్లెళ్ళకి వయసులో చాలా తేడా. తల్లి పోయేనాటికి చెల్లెలు పాలు మానని పిల్ల. చంకనేసుకుని పెంచింది ఆరాలక్కే. పెళ్ళయి అత్తారింటికి వచ్చేటప్పుడు కూడా వెంటబెట్టుకునే వచ్చింది. ఒకళ్ళని చేసుకుంటే ఇద్దరొచ్చారని భర్త అనేవాడు, అదీ ముద్దుగానే. చెల్లెలు చొక్కాల కార్ఖానా నుంచి బట్ట తెచ్చుకుని ఇంట్లోనే కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. పొద్దస్తమానం వెనక గదిలో మిషను ముందే. ఆ గదికి అవతల అడ్డగోడ, గోడకి అవతల టైర్లాయన యార్డు.

ఆ ఏడు వానలు ఒక పట్టాన తెరిపివ్వలేదు. చెల్లెలికి జ్వరం వచ్చింది. కళ్ళ వెనక పోటు అంది. ఎముకలు ఎవరో విరుస్తున్నట్టుంది అంది. కొన్నాళ్ళకి జ్వరం దిగింది. అమ్మయ్య అనుకున్నారు అందరూ. ఆరాలక్క మిషను మీది గుడ్డ తీసి దుమ్ము కూడా దులిపింది. ఈ రకం జ్వరం దిగాకే అసలు గండం మొదలవుతుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మర్నాడు కడుపునొప్పి, చిగుళ్ళలోంచి నెత్తురు. ఆస్పత్రికి చేరేసరికి కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. డాక్టరు బయటికొచ్చి, "దోమల జ్వరమమ్మా. ఈసారి అన్నిచోట్లా ఉంది" అని తన దారిన తను పోయాడు. అన్నిచోట్లా ఉందన్న ముక్క ఆరాలక్కకి మింగుడు పడలేదు. అన్నిచోట్లా ఉంటే ఎవరి చొక్కా పట్టుకోవాలి?

కొన్నాళ్ళు గోడకి ఆనుకుని కూర్చుంది. ఒకరోజు స్టూలు వేసుకుని ఆ గోడ మీంచి అవతలికి తొంగిచూసింది. లారీ టైర్లు, కారు టైర్లు, ట్రాక్టరు టైర్లు, ఒకదాని మీద ఒకటి, ఇంటికప్పు ఎత్తున. ప్రతి దాంట్లోనూ వాన నీళ్ళు. ఆ నీళ్ళలో తోకాడిస్తూ కిందికీ పైకీ పోతున్న పురుగులు. ఇన్నేళ్ళు ఆ గోడ పక్కనే కాపురం చేసి కూడా ఆవిడ అటు చూడలేదు. ఇప్పుడు చూసింది, చూసి ఇక కన్ను తిప్పలేదు. చొక్కా దొరికింది.

చెంబు పట్టుకుని యార్డు గేట్లోకి నేరుగా నడిచింది. దారిలో ఒక టైర్లోంచి చెంబు నింపింది. టైర్లాయన కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చెవి మీద సుద్దముక్క, మొహం మీద నవ్వు. ఆయన మొహం నిద్రలో కూడా నవ్వుతుందని పనివాళ్ళు చెప్పుకుంటారు. చెంబు తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"మీ నీళ్ళే. తాగండి."

ఆయన చెంబులోకి వంగి చూశాడు. "పురుగులున్నాయి కదమ్మా. ఇంతకీ మీరెవరు?"

"మీ గోడ వెనక మనిషిని. మీ దోమలు మా చెల్లెల్ని చంపేశాయి."

ఆయన లేచి నిలబడ్డాడు. "అయ్యో పాపం. వినడానికే బాధగా ఉందమ్మా. కానీ నా దోమ, మీ దోమ అని వేరే ఉంటాయా చెప్పండి. మీ సందులో కాలవ ఉంది, మీ ఇళ్ళలో నీళ్ళ డ్రమ్ములున్నాయి. మీ చెల్లెల్ని కుట్టింది ఇక్కణ్ణించి ఎగిరిన దోమేనని ఎవరు చూశారు? రుజువు తీసుకురండి, నేనే తాళం వేసి తాళంచెవి మీ చేతికిస్తాను."

అంతా మర్యాదగానే అన్నాడు. ఆవిడ కడుపు మండించింది ఆ మర్యాదే. ఆయన తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టి ఇంటికి పోయేది, అక్కడితో సగం చల్లారేది. పనివాళ్ళందరి ముందూ, "నీ ఇంట్లో కూడా ఇలాగే ఏడుపు లేవాలి. నేను చూడాలి" అని చెంబు తన్నేసి వచ్చింది. కానీ రుజువు అన్న మాట మాత్రం ఆవిడ వెంటే వచ్చి చెవిలో జోరీగలా తిరిగింది. ఎక్కడ దొరుకుతుంది రుజువు? ఏ అంగట్లో అమ్ముతారు?

మరుసటి ఏడు వానల ముందు అది దానంతటదే వాళ్ళ సందులోకి గొడుగేసుకుని వచ్చింది. విశ్వవిద్యాలయంలో జ్వరాల మీద పరిశోధన చేసే ఒక పెద్ద మేడమ్, పొడుగ్గా, కర్రలా ఉంటుంది. ఒక ప్రశ్న వేస్తే ఇంకో ప్రశ్నతో జవాబిచ్చే రకం. చుట్టూ ఉండే నీళ్ళకీ చెత్తకీ జ్వరాలు వ్యాపించడానికీ సంబంధం ఏమిటో తేల్చాలట, టైర్ల యార్డు ఆమె కళ్ళబడింది. ఇంటింటికీ తిరిగి జ్వరాలు అడిగే మనిషి కావాలంటే సందులో చిన్నాపెద్దా ఒకే ఇంటివైపు వేలు చూపించారు. ఆరా తీయడానికి జీతం ఇస్తారంటే ఆరాలక్క కాక ఇంకెవరున్నారు?

పనిలో పెట్టుకునే ముందు మేడమ్ అడిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఈ జ్వరం వచ్చిందా?"

"మాకెవరికీ రాలేదండి."

రెప్ప వెయ్యకుండా చెప్పింది. పక్కనున్న భర్త నేల చూపులు చూశాడు. సందులో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. తమ మనిషికి ఒక పని దొరుకుతుంటే ఎవరు చెడగొడతారు?

మేడమ్ ఆవిడని కూర్చోబెట్టి పని నేర్పింది. "యార్డు పక్కన జ్వరాలు ఎక్కువున్నాయని తేలిందనుకో. దాంతో సరిపోతుందా?"

"సరిపోదా మరి?"

"యార్డు పక్కన ఇళ్ళు ఇరుకు. కుళాయి రోజూ రాదు, డ్రమ్ముల్లో పట్టి ఉంచుతారు. కుట్టిన దోమ డ్రమ్ములో పుట్టిందా, టైర్లో పుట్టిందా? ఆస్పత్రి మీకు దగ్గర కాబట్టి మీ జ్వరాలే లెక్కలోకి ఎక్కాయేమో? అందుకని ఇంకో వీధి కావాలి. ఇలాంటి ఇళ్ళే, ఇలాంటి డ్రమ్ములే, ఇదే వాన. టైర్లు మాత్రం ఉండకూడదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు తెలుస్తుంది టైర్ల పాపం ఎంతో."

అలాంటి వీధి వెతికి పెట్టుకుంది కూడా. కాలవకి అవతల, ఎత్తు మీద ఉండే మిట్ట వీధి. మేడమ్ దాన్ని పోలిక వీధి అనేది.

"రెండు చోట్లా ఒకేలా అడగాలి," అంది మేడమ్. "ఇక్కడ ఎంతసేపు కూర్చుంటావో అక్కడా అంతసేపే. ఇక్కడ ఏ మాటతో అడుగుతావో అక్కడా అదే మాట. లేకపోతే నువ్వు లెక్కపెట్టేది జ్వరాల్ని కాదు, నీ ఓపికని. ఇంకోటి చూడు, ఈ దోమ పగలు కుడుతుంది. మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది కాదు, పగలంతా ఎక్కడ మసులుతాడన్నది ముఖ్యం. జ్వరం వచ్చిన ప్రతి మనిషినీ అది అడగడం మర్చిపోకు."

ఆరాలక్క బుద్ధిగా తల ఊపింది. అర్థం కాక ఊపిందనుకునేరు. అంతా అర్థమైంది. అర్థమైన చోటే తేడా వచ్చింది. రెండు వీధుల మధ్య ఎంత తేడా వస్తే టైర్లాయన అంత లోతుగా కూరుకుపోతాడన్నమాట. ఆ తేడా తన చేతుల్లోనే ఉంది.

వానలు మొదలయ్యాయి. సందులో ఆవిడ పని చూస్తే ముచ్చటేస్తుంది. గడపలో కూర్చుని, వాళ్ళ చేతిలో పని తను అందుకుని, కబుర్లలో పెట్టి జ్వరాలు బయటికి లాగేది. ఒక ముసలాయన్ని పట్టుకుంది.

"బాబాయ్, మొన్న నీకు ఒళ్ళు వెచ్చబడలేదూ?"

"ఎండలో తిరిగొచ్చానే అమ్మాయ్."

"వెచ్చబడితే తలనొప్పి కూడా వచ్చే ఉంటుందే."

"తల నొప్పి లేనిదెప్పుడు? మీ పిన్నితో వేగొద్దూ."

ఒళ్ళు వేడి, తలనొప్పి. అది జ్వరం కింద రాసేసుకుంది. ఇలాంటివి ఎన్నో. జ్వరం దిగిపోయిన మనిషి విషయంలో మేడమ్‌కి కూడా వాళ్ళ మాటే ఆధారం కాబట్టి అడ్డుచెప్పేవాళ్ళు లేరు. అసలు నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఆవిడ ఇంత కక్కుర్తి పడాల్సిన పనే లేదు. సందులో నిజం జ్వరాలు కావలసినన్ని ఉన్నాయి. మంచం పట్టినవాళ్ళున్నారు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు తేలినవాళ్ళున్నారు. ఉన్నదున్నట్టు రాసుకున్నా టైర్లాయన మెడ దొరికేది. కానీ పగ పట్టిన మనిషికి చాలు అనే మాట తెలీదు. గోరంతది కూడా వదలబుద్ధి కాదు.

పోలిక వీధిలో ఆవిడ ఇంకో మనిషి. అక్కడ గడప ఎక్కేది కాదు. కింద మెట్టు మీదే నిలబడి, "మీ ఇంట్లో జ్వరాలేం లేవు కదా?" అనేది. లేవు కదా అని అడిగితే ఎవరైనా ఏమంటారు? లేవనే అంటారు. ఒకామె లోపల్నుంచి, "ఉండమ్మా, మా అత్తగారిని అడిగొస్తా" అంటే ఆమె తిరిగొచ్చేసరికి ఆరాలక్క పక్కింటి ముందుంది. మిట్ట వీధి మొత్తం ఆవిడకి ఒక పూట పని. అక్కడివాళ్ళ మీద ఆవిడకేం కోపం లేదు పాపం. వాళ్ళు ఆరోగ్యంగా ఉండాలి, అంతే. ఆవిడ లెక్క తేలేదాకా ఒక్కళ్ళకీ తుమ్ము కూడా రాకూడదు.

ఆ వీధి చివర ఇల్లు టైర్లాయనది. పెద్ద మేడేం కాదు, పక్కవాటిలాంటి ఇల్లే. ఆయన నాన్న కట్టింది. ఆ సంగతి మేడమ్‌కి తెలీదు, ఆరాలక్కకి మొదటి రోజే తెలుసు. వాన పడుతున్న ఒక పొద్దున ఆ తలుపు తట్టింది. ఆయన కోడలు తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో తడిగుడ్డ ఉంది, పిండుతూ పిండుతూ వచ్చినట్టుంది, నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి. లోపలి గదిలో మంచం మీద ఎవరో మూలుగుతున్నారు.

"జ్వరాలేం లేవు కదా?" అంది ఆరాలక్క.

"అంటే... మా ఆయనకి కొంచెం..."

"కొంచెం ఒళ్ళు వెచ్చబడితే జ్వరం కాదులే అమ్మా."

"లేదండీ, మొన్నట్నుంచి..."

"వానాకాలం కదా. పడుకుంటే అదే పోతుంది."

మెట్టు దిగిపోయింది. ఆ నిమిషంలో ఆవిడ మనసులో ఏముందో చెప్పాల్సిందే, దాస్తే ఎలా? సంతోషం ఉంది. టైర్లాయన కొడుకు మూలుగు చెవినపడితే, ఏడాదిగా గడ్డకట్టుకుపోయినదేదో కాస్త కరిగింది. శాపం తగిలిందనుకుంది. కానీ ఆ జ్వరాన్ని రాసుకుంటే పోలిక వీధిలో ఒకటి పెరుగుతుంది, తేడా ఒకటి తగ్గుతుంది. అది ఆయనకి లాభం. కాబట్టి ఆ జ్వరం లేదు. ఆయన మీద కసి ఆయన కొడుకు జ్వరాన్ని కూడా ఆయనకి దక్కనివ్వలేదు. గొడుగు వేసుకుని పక్కింటికి పోయింది.

ఈలోగా యార్డులో కూడా ఒక పని జరిగింది. ఎవరో లెక్కలు తీస్తున్నారని చెవినపడి టైర్లాయన కుప్పలన్నిటి మీదా టార్పాలిన్లు కప్పించాడు. మేడమ్ గేటు దగ్గర నిలబడి చూసి తల పట్టుకుంది. "మనం చూస్తుండగానే చూడాల్సింది మారిపోతోంది. ఇదే వాన, ఇదే యార్డు మనకి మళ్ళీ దొరకదు" అంది. ఆరాలక్క పళ్ళు కొరుక్కుంది. ఇప్పుడు కప్పితే, అప్పుడు పోయిన మనిషి తిరిగొస్తుందా?

వానలు వెనకపట్టాక మేడమ్ గదిలో బల్ల మీద పెద్ద పటం పరిచారు. జ్వరం ఉన్న ఇంటికల్లా ఒక ఎర్ర చుక్క. సందు మొత్తం కుంకం చల్లినట్టుంది. మిట్ట వీధి తెల్లగా, ఉతికి ఆరేసినట్టుంది. మేడమ్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదు. రెండు చోట్లా ఒకేలా అడిగావు కదా?"

"మీరు చెప్పినట్టేనండి."

ఆ రోజే ఇంకో మనిషిని మిట్ట వీధికి పంపి ఉంటే పోయేది. మేడమ్‌కి ఆ ఆలోచన రాకపోలేదు. కానీ వానలు పోయాయి, జ్వరాలు పోయాయి, మనుషులు ఎవరి జ్వరం ఎప్పుడో మర్చిపోయారు. పైగా మునిసిపల్ ఆఫీసులో యార్డు సంగతి తేల్చే విచారణకి రోజు దగ్గరపడింది. ఎంత చదువుకున్నా మేడమ్ కూడా మనిషే. తను అనుకున్నదే తేలినప్పుడు ఎవరు మాత్రం దాన్ని గట్టిగా కుదిపి చూస్తారు?

విచారణ రోజు ఆరాలక్క దాచుకున్న మంచి చీర కట్టుకుంది. భర్తని కూడా సెలవు పెట్టించింది. "ఇవాళ వాడి నవ్వు ఆరిపోవడం చూస్తాం" అంది. ఆయన చెప్పులేసుకుంటూ, "చూస్తే నీకు కాస్త నిద్రపడుతుందా?" అన్నాడు. పడుతుందంది.

మేడమీద హాలు. వేదిక మీద ఒక అధికారి, కింద కుర్చీల్లో అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. మేడమ్ పటం గోడకి తగిలించి వివరంగా చెప్పింది. అధికారి మధ్యమధ్య తల ఊపుతుంటే ఆరాలక్కకి ఒళ్ళంతా తేలికైపోతోంది. యార్డు మూతపడుతుంది. ఆ గేటుకి తాళం పడటం కళ్ళారా చూస్తే చాలు, ఇంక ఏమీ అక్కర్లేదు.

టైర్లాయన లేచాడు. చేతులు కట్టుకుని, అదే నవ్వుతో, "పెద్దవాళ్ళు చెప్పాక నేను చెప్పేదేముందండీ. ఒక చిన్న సందేహం. ఆ పటంలో మిట్ట వీధి చివర ఇల్లు నాదేనండి. అక్కడ చుక్క లేదేంటి?"

"మీ ఇంట్లో జ్వరం లేదు కాబట్టి" అంది మేడమ్.

ఆయన పక్కకి తిరిగాడు. ఒక కుర్రవాడు లేచాడు, బుగ్గలు లోపలికి పోయి, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. "మా అబ్బాయండి. అదే జ్వరంతో పెద్దాస్పత్రిలో పడి, చచ్చి బతికాడు. ఆస్పత్రివాళ్ళని అడగండి. మా ఇంటి చుట్టుపక్కల టైర్లు కాదు కదా, రబ్బరు ముక్క కూడా లేదు. మరి మా వీధిలో ఎలా వచ్చింది? ఎంతమందికి వచ్చిందో మీకు తెలుసా? ఆ వచ్చినావిడ మా కోడల్ని మాట పూర్తిచెయ్యనిచ్చిందా?"

కోడలు కూర్చున్న చోటే చెప్పింది. "గడప కూడా ఎక్కలేదండి. చేతిలో తడిగుడ్డ చూసి కూడా పడుకుంటే పోతుందంది."

హాల్లో గుసగుసలు లేచాయి. మేడమ్ మెల్లగా ఆరాలక్క వైపు తిరిగింది. అధికారి అడిగాడు.

"నిజమేనా? లోపలికి వెళ్ళలేదా?"

ఆరాలక్క నోరు తెరిచేలోపే టైర్లాయన అందుకున్నాడు. "ఆవిణ్ణి తప్పుపట్టనండి. కడుపుకోత. పోయినేడు వాళ్ళ చెల్లెలు పోయింది. నా గేటు దగ్గరికొచ్చి, నా ఇంట్లో కూడా ఏడుపు లేవాలని అందరి ముందూ శపించి వెళ్ళింది. అలాంటి మనిషిని పెట్టి నా మీద లెక్క తీయించారే అని, అంతే నా బాధ."

మేడమ్ ముందున్న కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంది. ఎర్రచుక్కల పటం తనే గోడ మీంచి తీసేసింది. ఈ లెక్క చెల్లదని, యార్డు యథాప్రకారం నడుస్తుందని అధికారి చెప్పాడు. ఆరాలక్కని భర్త చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

వరండాలో మేడమ్ ఎదురైంది. అరుస్తుందేమో అనుకుంది. అరిచినా బాగుండేది.

"రెండు వీధుల్లోనూ ఒకేలా బద్ధకంగా అడిగినా ఏదో ఒకటి తేలేది," అంది మేడమ్. "రెండు చోట్లా ఒకే అబద్ధం ఆడినా ఎలాగో బతికేవాళ్ళం. నువ్వు ఒక వీధికి ఒకటి, ఇంకో వీధికి ఇంకోటి ఆడావు. ఇప్పుడు నీ సందులో నిజంగా మంచం పట్టినవాళ్ళని కూడా ఎవరూ నమ్మరు."

ఆరాలక్క మెట్లు దిగింది. కింద టైర్లాయన కొడుకుని పట్టుకుని ఒక్కో మెట్టూ దించుతున్నాడు. గెలిచిన మనిషి కదా, మనసు విశాలమైంది. ఆవిణ్ణి చూసి ఆగాడు.

"ఆ రోజు లోపలికి రావలసిందమ్మా. మా ఇంటికొచ్చినవాళ్ళని నిలబెట్టి పంపం. వీడు ఎంత అవస్థ పడ్డాడో చూసి ఉంటే మీ కోపం అక్కడే పోయేది."

ఆయన కొడుకు భుజం నిమురుతూ తన ధోరణిలో తను చెప్పుకుపోయాడు. "రెక్కలు ముక్కలు చేసుకునే పిల్లాడమ్మా. పొద్దున్న పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. యార్డులోనే తిండి, యార్డులోనే కాస్త నడుం వాల్చడం, ఆ టైర్ల మధ్యే. మిట్ట వీధిలో వీడుండేది నిద్రపోయే వేళే. ఎక్కడ ఏ దోమ కుట్టిందో ఏమో, ఎవరికి తెలుసు?"

ఆయన మామూలుగా అని, కొడుకుని నడిపించుకుని పోయాడు. ఆరాలక్క మెట్టు మీదే ఆగిపోయింది. పగలంతా ఎక్కడ మసులుతాడో అడుగు అని మేడమ్ చెప్పింది. సందులో ప్రతి జ్వరాన్నీ అడిగింది. ఈ ఒక్క జ్వరాన్నే అడగలేదు. మిట్ట వీధిలో ఒక మనిషికి జ్వరం, ఆ మనిషి పగలంతా టైర్ల మధ్య. ఏడాదిన్నర రాత్రీ పగలూ వెతికిన రుజువు ఆ లోపలి గదిలో మంచం మీద పడుకుని మూలిగింది. తను విని, సంతోషించి, వెళ్ళిపోయింది.

ఒక్క పరుగున మళ్ళీ పైకెక్కింది. మేడమ్ సంచీ సర్దుకుంటోంది. రొప్పుతూ, తడబడుతూ చెప్పింది. మేడమ్ సంచీ పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

"నమ్ముతారా అండి? ఇప్పుడు చెబితే?"

"నేను నమ్ముతాను," అంది మేడమ్. "ఇంకెవరైనా చెబితే ఆఫీసువాళ్ళూ నమ్మేవాళ్ళేమో. చెబుతున్నది నువ్వు."

ఆ తరవాత మునిసిపాలిటీ గడప ఎక్కే మొహం ఆవిడకి లేకపోయింది. యార్డు పెరిగింది. లారీలొచ్చి దించినప్పుడల్లా గోడ అదిరేది. భర్త ఆ ఇల్లు ఖాళీ చేసి పోదామన్నాడు. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "వాడు ఇక్కడుండగా నేనెక్కడికి పోతాను? వాడు మునిగిపోవడం చూడకుండా కదలను" అంది. పగ ఇంత కూడా తగ్గలేదు. కాకపోతే ఇప్పుడు అందులో సగం ఇటువైపుకే తిరిగింది. వంట చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి తన నెత్తి తను మొట్టుకునేది.

తరవాతి వానలకి మేడమ్ చెయ్యి కాల్చుకున్న మనిషిలా జాగ్రత్తగా, మళ్ళీ వచ్చింది. ఈసారి అడిగేవాళ్ళు ఎక్కడివాళ్ళో, ఈ చుట్టుపక్కల ఒక్క మొహం కూడా ఎరగనివాళ్ళు. ఎవరు ఏ వీధికి పోవాలో పొద్దున చీటీ తీసేదాకా వాళ్ళకే తెలీదు. ప్రశ్న వాక్యం అచ్చులో ఉంటుంది, ఒక్క అక్షరం మార్చడానికి లేదు. పగలు ఎక్కడుంటారన్నది మొదటి ప్రశ్న. కొత్త ప్రశ్న ఇంకోటి చేర్చారు. గడిచిన కొన్నేళ్ళలో ఈ జ్వరంతో మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని.

ఆ సంగతి ఆరాలక్కకి ముందే తెలిసింది. ఆరా ఆగుతుందా మరి? పొద్దున్నే ఇల్లు ఊడ్చుకుని, తల దువ్వుకుని గడపలో కూర్చుంది. ఏం చెప్పాలో మనసులో ఒకటికి పదిసార్లు అనుకుంది. అడిగినదానికే చెబుతుంది. ఒక్క ముక్క ఎక్కువ చెప్పదు, కన్నీళ్ళు పెట్టదు, టైర్లాయన పేరెత్తదు. చెల్లెలు వెనక గదిలో పగలంతా మిషను కుట్టేదని, జ్వరం వచ్చిందని, పోయిందని చెబుతుంది. ఎర్రచుక్కల్లో ఒకటి తన చెల్లెలిది అవుతుంది. ఆ చుక్క మిగతా చుక్కలతో కలిసి ఆ మనిషి గొంతు పట్టుకుంటుంది. తన చేత్తో కాకపోతే మానె.

మూలింటి దగ్గర కొత్తగా వచ్చినావిడ అడగడం వినబడింది. తరవాత ఆ పక్కిల్లు. అదే మాట, అదే నిదానం, అంతే సేపు. పనిమంతురాలే అనుకుంది ఆరాలక్క. ఆ కొత్తావిడ సంచీ భుజానికి వేసుకుని వచ్చింది, ఆవిడ గడప ముందు ఆగకుండా దాటింది.

"ఏమ్మా, మా ఇల్లు మర్చిపోయారు."

కొత్తావిడ వెనక్కి తిరిగింది. "మర్చిపోలేదండి. ఈ ఇల్లు వదిలెయ్యమన్నారు మేడమ్."

"ఎందుకు?"

"మిట్ట వీధిలో ఒకటి, ఇక్కడొకటి, గొడవ పడ్డ రెండిళ్ళూ వదిలెయ్యమన్నారండి. అక్కడ టైర్ల యజమానిది. ఇక్కడ మీది."

ఆరాలక్క గుమ్మం పట్టుకుని లేచింది. "మా ఇంట్లో మనిషి పోయింది. మా చెల్లెలు. ఆ జ్వరంతోనే."

"తెలుసండి," అంది కొత్తావిడ, మెత్తగానే. "అందుకేనండి."

పక్కింటి తలుపు తట్టింది. తలుపు తీశారు, కూర్చోమని పీట వేశారు. ఈ జ్వరంతో మీ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడగడం, వాళ్ళ ముసలామె సంగతి చెప్పడం, పగలు ఎక్కడ కూర్చునేదని మళ్ళీ అడగడం, అంతా ఆరాలక్క గడపలో నిలబడి విన్నది. ఆ తరవాతి ఇంట్లో కూడా విన్నది. సందు చివరిదాకా చావులన్నీ లెక్కలోకి ఎక్కాయి, చెల్లెలిది తప్ప.